డై లేకుండా ఊపిరితిత్తుల ధమని చికిత్స: ముందు ఏం తేల్చుకోవాలి, ఏం అడగాలి, ఫలితం ఎలా చూసుకోవాలి

"అమ్మకి క్రియాటినిన్ ఎక్కువగా ఉంది, డై ఇస్తే కిడ్నీలు దెబ్బతింటాయన్నారు, మరి ఊపిరితిత్తుల్లో రక్తపు గడ్డలకి చికిత్స ఎలా చేస్తారు?" ఈ ప్రశ్న ఏదో ఒక రూపంలో వస్తూనే ఉంది. డై అంటే సీటీలో, ఎక్స్‌రేలో రక్తనాళాలు కనిపించడానికి ఎక్కించే అయోడిన్ మందు. కొందరికి కిడ్నీ సమస్య, కొందరికి ఇంతకుముందు సీటీ స్కాన్‌లో డై పడక ఒళ్ళంతా దద్దుర్లు వచ్చిన భయం. అందరికీ విడివిడిగా చెప్పే బదులు వరుసగా ఒకచోట రాస్తున్నాను.

ముందు సూటిగా జవాబు: దారులు ఉన్నాయి. పరీక్షల్లో చాలా భాగం డై లేకుండా అవుతాయి, కొన్ని చికిత్సలకి డై అసలు అక్కర్లేదు, క్యాథ్ ల్యాబ్‌లో ఇరుకైన నాళాన్ని లోపలి నుంచి తెరవడానికి బెలూన్ పెట్టాల్సి వచ్చినా డై బాగా తగ్గించి, కొన్నిచోట్ల పూర్తిగా మానేసి చేయగలుగుతున్నారు. కానీ "ఒక్క చుక్క కూడా వద్దు" అని పట్టుబట్టకండి. రక్తనాళం చిరగకుండా, ఊపిరితిత్తుల్లో రక్తం కారకుండా పని పూర్తవడం ముఖ్యం. దానికోసం రెండు మూడు మిల్లీలీటర్ల డై వాడాల్సి వస్తే, వాడటమే మంచిదని నా అభిప్రాయం.

ఇది ముందు చదవండి. ఒక్కసారిగా విపరీతమైన ఆయాసం, ఛాతీనొప్పి, స్పృహ తప్పడం, బీపీ పడిపోవడం, దగ్గితే రక్తం పడటం: వీటిలో ఏది ఉన్నా ఈ వ్యాసం పక్కన పెట్టి వెంటనే ఎమర్జెన్సీకి వెళ్ళండి. అక్కడ డై గురించి వాదన పెట్టుకోవద్దు. ప్రాణం మీదికి వచ్చిన పల్మనరీ ఎంబాలిజంలో (ఊపిరితిత్తుల ధమనికి గడ్డ అడ్డుపడటం), పేషెంటును సీటీకి తీసుకెళ్ళే పరిస్థితి లేకపోతే, మంచం పక్కనే ఎకో చేసి గుండె కుడివైపు ఎంత ఒత్తిడిలో ఉందో చూసి చికిత్స మొదలుపెడతారు. గడ్డను కరిగించే మందు చేతి నరంలోంచి ఇస్తారు, దానికి డైతో పనిలేదు. ఇకపై రాసేదంతా కాస్త సమయం ఉన్నవాళ్ళ కోసం.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- గత కొన్ని నెలల క్రియాటినిన్ రిపోర్టులు, తేదీలతో సహా. ఒక్కటి సరిపోదు, పెరుగుతోందా నిలకడగా ఉందా అన్నది కావాలి.
- ఇంతకుముందు డై పడకపోతే ఆ వివరాలు: ఏమైంది, ఎంతసేపటికి అయింది, ఏ డై ఇచ్చారు, ఏ ఇంజెక్షన్‌తో తగ్గింది. పాత డిశ్చార్జ్ సమ్మరీలో దొరకొచ్చు.
- వాడుతున్న మందులన్నీ. రక్తం పలచబడే మందు పేరు, డోసు, చివరిసారి ఎప్పుడు వేసుకున్నారు అన్నవి తప్పనిసరి.
- పాత సీటీ, ఎమ్మారై, ఎకో. కాగితం రిపోర్టు మాత్రమే కాదు, సీడీలోనో ఫోన్ లింకులోనో ఉన్న అసలు బొమ్మలు కావాలి. ఎందుకో 5వ మెట్టులో చెప్తాను.
- పేస్‌మేకర్, ఒంట్లో లోహపు క్లిప్పులు, గర్భం, థైరాయిడ్ సమస్య ఉంటే ఆ సంగతి.

1. డై మీకు నిజంగా ప్రమాదమా, తేల్చుకోండి

చాలామంది ఈ మెట్టు దాటేస్తారు. "క్రియాటినిన్ 1.4, కాబట్టి డై పడదు" అనేది సరైన లెక్క కాదు. క్రియాటినిన్‌కి వయసు, ఆడా మగా అన్నవి కలిపి లెక్కగట్టే ఈజీఎఫ్ఆర్ (కిడ్నీలు రక్తాన్ని ఎంత వడపోస్తున్నాయో చెప్పే అంకె) చూడాలి. బక్కగా ఉన్న పెద్దవాళ్ళలో కండ తక్కువ కాబట్టి క్రియాటినిన్ మామూలుగా కనిపిస్తూనే కిడ్నీ పనితీరు తగ్గి ఉండొచ్చు. ఈజీఎఫ్ఆర్ 45 దాటి నిలకడగా ఉంటే డై వల్ల కిడ్నీ దెబ్బతినే అవకాశం చాలా తక్కువ. 30 నుంచి 44 మధ్య ఉంటే మిగతా సమస్యల్ని కూడా చూసి నిర్ణయిస్తారు. 30 కంటే తగ్గినా, లేదా కిడ్నీ ఇప్పుడే హఠాత్తుగా దెబ్బతిని ఉన్నా అసలు జాగ్రత్త అక్కడ. డయాలసిస్ మీద ఉండి మూత్రం పూర్తిగా ఆగిపోయినవాళ్ళ విషయంలో డై వల్ల కొత్తగా పాడయ్యే కిడ్నీ పనితీరు ఉండదు, అందుకని ఆ ఒక్క కారణంతో చికిత్స ఆపరు.

ఇంకో సంగతి. ఊపిరితిత్తుల ధమనిలోకి ఎక్కించిన డై నేరుగా కిడ్నీలకి పోదు, ముందు ఊపిరితిత్తులు, ఆ తర్వాత గుండె ఎడమవైపు దాటి, రక్తంలో బాగా కలిసిపోయాకే కిడ్నీలకి చేరుతుంది. గుండె ఎడమవైపు ధమనుల్లో చేసే యాంజియోగ్రామ్ కథలు విని ఇక్కడా అంతే అనుకోవద్దు.

అలర్జీ విషయం. రొయ్యలు, చేపలు పడనివాళ్ళకి డై కూడా పడదనేది అపోహ. గాయాలకి రాసే అయోడిన్ మందు పడకపోవడానికి కూడా దీనితో సంబంధం లేదు. గతంలో డైతోనే దద్దుర్లు వచ్చి ఉంటే వేరే రకం డై వాడటం, ముందే స్టెరాయిడ్ మాత్రలు ఇవ్వడం లాంటి దారులు ఉన్నాయి. ఈ మాత్రలు సాధారణంగా 13 గంటల ముందు నుంచి మొదలవుతాయి, కాబట్టి బల్లమీద పడుకున్నాక గుర్తుచేస్తే లాభం లేదు. గొంతు వాచి, బీపీ పడిపోయి ఐసీయూ దాకా వెళ్ళినవాళ్ళయితే మాత్రం, డై లేని దారి గట్టిగా అడగండి.

ఒక హెచ్చరిక: ఊపిరితిత్తుల్లో బీపీ ఎక్కువైనప్పుడు గుండె కుడివైపు అలిసిపోయి రక్తం వెనక్కి నిలిచిపోతుంది, దాంతో కిడ్నీలు కూడా నీరసిస్తాయి. అంటే క్రియాటినిన్ పెరగడానికి కారణం ఈ జబ్బే అయి ఉండొచ్చు. అలాంటప్పుడు కిడ్నీ భయంతో చికిత్స వాయిదా వేస్తూ పోతే కిడ్నీకే నష్టం. "నా కిడ్నీ సమస్య విడిగా వచ్చిందా, గుండె వల్ల వచ్చిందా?" అని డాక్టరును ఇదే మాటల్లో అడగండి.

2. గడ్డ కొత్తదా, పాతదా

దీన్నిబట్టే దారి మారుతుంది. కొత్త గడ్డ మెత్తగా ఉంటుంది, దానికి చికిత్స: హెపారిన్ (రక్తం పలచబడే ఇంజెక్షన్), కరిగించే మందు, అవసరమైతే పెద్ద గొట్టంతో పీల్చేయడం. పాతది గడ్డలా ఉండదు, నాళం గోడకి అతుక్కుపోయి గట్టి మచ్చలా, లోపల అడ్డంగా దారాల్లా, వలలా మారిపోతుంది. దాన్ని ఏ మందూ కరిగించలేదు. ఈ రెండో రకాన్ని సీటెఫ్ (CTEPH) అంటారు. కనీసం 3 నెలలు రక్తం పలచబడే మందు సరిగా వాడాక కూడా ఆయాసం తగ్గకుండా, ఊపిరితిత్తుల్లో బీపీ ఎక్కువగానే ఉంటే దీన్ని అనుమానించాలి. మందు మధ్యమధ్యలో మానేసి ఉంటే దాచకుండా చెప్పండి, లేకపోతే ఈ 3 నెలల లెక్కే తప్పుతుంది.

3. డై లేని పరీక్షలు ముందే చేయించుకోండి

- వీక్యూ స్కాన్. దీనికే మొదటి స్థానం. గాలి ఎక్కడికి వెళ్తోంది, రక్తం ఎక్కడికి వెళ్తోంది అన్నది విడివిడిగా చూపిస్తుంది. చేతి నరంలో ఇంజెక్షన్ ఇస్తారు కాబట్టి చాలామంది "ఇది కూడా డైయే కదా" అని వద్దంటారు. కాదు. అది కొద్దిపాటి రేడియోధార్మిక మందు, అయోడిన్ డై కాదు, కిడ్నీని దెబ్బతీయదు. రక్త ప్రసరణ బొమ్మ పూర్తిగా మామూలుగా ఉంటే సీటెఫ్ దాదాపు లేనట్టే. అందుకే సీటీ బాగానే ఉందని చెప్పినా, సీటెఫ్ అనుమానం ఉంటే వీక్యూ చేయించమంటారు. గర్భం ఉన్నా, ఊపిరితిత్తుల్లో బీపీ చాలా ఎక్కువని తెలిసినా ముందే చెప్పండి, మందు మోతాదు తగ్గిస్తారు. పాత ఉబ్బసం, పొగతాగడం వల్ల వచ్చిన ఊపిరితిత్తుల జబ్బు ఉంటే మాత్రం బొమ్మ గజిబిజిగా వస్తుంది.
- ఎకో, కాళ్ళ డాప్లర్. రెండూ అల్ట్రాసౌండే. పల్మనరీ ఎంబాలిజం అనుమానం ఉన్నవాళ్ళకి కాలి పైభాగపు సిరల్లో గడ్డ దొరికిందంటే, చాలాసార్లు ఛాతీ సీటీ లేకుండానే రక్తం పలచబడే మందు మొదలుపెట్టేయొచ్చు.
- డై లేని ఎమ్మారై. పెద్ద నాళాలు బాగా కనిపిస్తాయి, చిన్న కొమ్మలు అంతగా కనిపించవు. "ఎమ్మారై కాబట్టి డై ఉండదు" అని అనుకోకండి, మామూలు ఎమ్మారైకి చాలాసార్లు గాడోలినియం అనే వేరే డై వాడతారు. ఇప్పుడు వాడే కొత్త రకాలు కిడ్నీ బలహీనంగా ఉన్నవాళ్ళలో కూడా చాలావరకు సురక్షితం, అయినా ఏ రకం ఇస్తున్నారో అడగండి.
- డై లేని సీటీ. పెద్ద ధమని ఉబ్బిందా లేదా అన్నది తెలుస్తుంది, గడ్డ ఉందా లేదా అన్నది దీన్నిబట్టి తేల్చలేం. ఈ సీటీలో ఏమీ లేదని వచ్చిందని ఊరుకోవద్దు.
- కుడి గుండె క్యాథటర్. గజ్జలోంచో మెడలోంచో సన్నని గొట్టం పంపి ఊపిరితిత్తుల్లో బీపీ నేరుగా కొలుస్తారు. కొలవడానికి డై అక్కర్లేదు. సగటు ఒత్తిడి 20 దాటితే ఎక్కువ అని ఇప్పటి లెక్క. ఈ అంకె రాసి పెట్టుకోండి, చివర్లో పోల్చుకోవడానికి ఇదే కావాలి.

4. డై అవసరం లేని చికిత్స ముందు అడగండి

రక్తం పలచబడే మందు అందరికీ ఉంటుంది. కిడ్నీ బాగా బలహీనంగా ఉంటే కొన్ని రకాలు పనికిరావు, మోతాదు కూడా మారుతుంది, అది డాక్టరు చూసుకోవాలి. సీటెఫ్‌లో ఆపరేషన్ పనికొచ్చేవాళ్ళకి ఆపరేషనే మొదటి మాట: ఛాతీ తెరిచి ధమని లోపలి మచ్చపొరను ఒలిచేస్తారు. బెలూన్ పేరు వినగానే ఆపరేషన్ మాట పక్కన పెట్టేయకండి. రెండూ చేసే అనుభవం ఉన్న టీమ్ మీ బొమ్మలు చూశాకే నిర్ణయం జరగాలి.

ఆపరేషన్‌కి వీలుకానివాళ్ళకి రియోసిగ్వాట్ అనే మాత్ర ఉంది. బెలూన్ పెట్టేముందు కొన్నాళ్ళు ఇది వాడితే ఊపిరితిత్తుల్లో బీపీ కొంత తగ్గి, బెలూన్ సమయంలో సమస్యలు తక్కువవుతాయి. సిల్డెనఫిల్ లాంటి మాత్రలతో గానీ, గుండెనొప్పికి నాలుక కింద పెట్టుకునే నైట్రేట్ మాత్రలతో గానీ దీన్ని కలపకూడదు, బీపీ ప్రమాదకరంగా పడిపోతుంది. కిడ్నీ మరీ బలహీనంగా ఉంటే ఇది కూడా సరిపడకపోవచ్చు.

5. బెలూన్ తప్పదంటే: డై బదులు ఏం చూస్తారు

మామూలుగా బెలూన్ చికిత్సలో కొమ్మ కొమ్మకీ కొంచెం డై కొట్టి, ఎక్స్‌రేలో దారి చూసుకుంటూ వెళ్తారు. డై తగ్గించాలంటే ఆ కన్ను ఇంకోచోటు నుంచి రావాలి. అవి ఇవి:

ఐవస్. సన్నని గొట్టం కొసన అల్ట్రాసౌండ్ ఉంటుంది, అదే నాళం లోపలికి వెళ్తుంది. స్క్రీన్ మీద నాళం అడ్డుకోతలో గుండ్రంగా కనిపిస్తుంది: మధ్యలో గొట్టం నల్లటి చుక్కలా, చుట్టూ బూడిదరంగు గోడ, జబ్బు ఉన్నచోట ఆ గుండ్రం మధ్యలోంచి అడ్డంగా తెల్లటి గీతలు. ఆ గీతలే నాళాన్ని అడ్డుకుంటున్న వలలు. నాళం అసలు వెడల్పు ఎంతో మిల్లీమీటర్లలో కొలుస్తారు, దాన్నిబట్టి బెలూన్ సైజు. బెలూన్ పెద్దదైతే నాళం చిరుగుతుంది, కాబట్టి ఊపిరితిత్తుల్లో బీపీ బాగా ఎక్కువ ఉన్నవాళ్ళకి మొదటిసారి 2 మిల్లీమీటర్ల లాంటి చిన్న బెలూన్‌తో మొదలుపెట్టి, తర్వాతి విడతల్లో పెంచుతారు. ఐవస్‌కి ఒక పరిమితి ఉంది: అది ఉన్నచోటే చూస్తుంది. బెలూన్‌కి దారి చూపుతూ ముందుకు వెళ్ళిన సన్నని తీగ కొస చిన్న కొమ్మను గుచ్చితే ఐవస్‌కి కనిపించదు.

పాత బొమ్మను పరచడం. ముందే తీసిన సీటీ లేదా ఎమ్మారై నుంచి ధమనుల మ్యాప్ తయారుచేసి, దాన్ని క్యాథ్ ల్యాబ్ ఎక్స్‌రే మీద పరుస్తారు. అసలు బొమ్మలు తెచ్చుకోమన్నది ఇందుకే. గతంలో ఎప్పుడో డైతో తీసిన సీటీ ఉంటే అదే ఇప్పుడు పనికిరావొచ్చు, కొత్తగా డై తప్పుతుంది. చిక్కు ఏంటంటే ఊపిరి తీసుకున్నప్పుడల్లా నాళాలు కదులుతాయి, మ్యాప్ కదలదు. ఆ తేడా టీమ్‌కి తెలిసి ఉండాలి.

ఒత్తిడి కొలిచే తీగ. ఇరుకు ముందు ఒత్తిడి ఎంత, దాటాక ఎంత. బెలూన్ తర్వాత ఆ తేడా తగ్గిందంటే నాళం తెరుచుకున్నట్టు. బొమ్మ అక్కర్లేని రుజువు ఇది.

కార్బన్ డయాక్సైడ్. డై బదులు గ్యాస్. కాళ్ళ ధమనుల్లో బాగా వాడతారు. ఊపిరితిత్తుల్లో బీపీ ఎక్కువ ఉన్నవాళ్ళలో, గుండెలో రంధ్రం ఉన్నవాళ్ళలో దీనికి చాలా జాగ్రత్త కావాలి, గ్యాస్ ఎడమవైపు దాటితే మెదడుకి చేరే ప్రమాదం ఉంటుంది. దీన్ని ప్రతిపాదిస్తే "గుండెలో రంధ్రం లేదని చూశారా?" అని అడగండి.

కొత్త గడ్డను పీల్చేసే చికిత్సలో కూడా ఇదే పద్ధతి: ఐవస్ లేదా గొంతులోంచి పెట్టే ఎకో సాయంతో, ఒత్తిడి అంకెలు చూసుకుంటూ డై తగ్గిస్తారు. పెద్ద ధమనుల్లో ఉన్న గడ్డకి ఇది వీలవుతుంది, లోపలి చిన్న కొమ్మల్లో కష్టం.

డాక్టరును అడగాల్సినవి రాసుకుని వెళ్ళండి:

- ఇలా డై తగ్గించి మీరు తరచూ చేస్తారా, లేక నాకే మొదటిసారా?
- ఒక విడతలో ఎంత డై దాటకూడదని పెట్టుకున్నారు?
- తీగ గుచ్చుకుంటే డై లేకుండా ఎలా గుర్తిస్తారు? అప్పుడు వాడటానికి డై సిద్ధంగా ఉంచుతారా?
- ఎన్ని విడతలు, మధ్యలో ఎంత వ్యవధి?

మూడో ప్రశ్నకి తడబడకుండా జవాబు వస్తే నాకు ఆ టీమ్ మీద నమ్మకం కుదురుతుంది. పలుచన చేసిన డై కొద్దిగా, అవసరమైతేనే, అన్న జవాబు "అసలు వాడం" అన్నదానికంటే మంచిది.

6. ముందు రోజులు

రక్తం పలచబడే మందు మీ అంతట మీరు ఆపకండి. పళ్ళు పీకించుకునేముందు ఆపమన్నారు కదా అని ఇక్కడా ఆపేసేవాళ్ళున్నారు. ఎప్పుడు, ఎంతసేపు ఆపాలో, అసలు ఆపాలో వద్దో రాయించుకోండి.

కిడ్నీ కోసమని లీటర్ల కొద్దీ నీళ్ళు తాగేయకండి. మామూలు పేషెంటుకి నీళ్ళు మంచివే, కానీ గుండె కుడివైపు అలిసిపోయినవాళ్ళకి ఎక్కువ నీరు అంటే కాళ్ళవాపు, మరింత ఆయాసం. ఎంత తాగాలో, సెలైన్ పెడతారో లేదో గుండె డాక్టరే చెప్పాలి. కిడ్నీని కాపాడుతుందని ఎవరో చెప్పిన ఎసిటైల్‌సిస్టీన్ మాత్రల మీద కూడా ఆశపెట్టుకోవద్దు. యాంజియోగ్రామ్ చేయించుకునేవాళ్ళ మీద చేసిన ప్రిజర్వ్ అనే పెద్ద పరిశోధనలో వాటివల్ల లాభం కనబడలేదు.

ఒళ్ళునొప్పులకి ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి వేసుకోవద్దు. మెట్‌ఫార్మిన్ వాడుతుంటే అడగండి: కిడ్నీ బలహీనంగా ఉండి డై ఇచ్చే అవకాశం ఉంటే ఆ రోజు ఆపి, 48 గంటల తర్వాత కిడ్నీ పరీక్ష చూసి మళ్ళీ మొదలుపెట్టిస్తారు.

ఇంట్లో చేయగలిగిన పని ఒకటుంది. వెల్లకిలా పడుకుని, మామూలుగా ఊపిరి తీసుకుని వదిలి, కొన్ని సెకన్లు కదలకుండా ఆపడం. ప్రతిసారీ ఊపిరి ఒకే చోట ఆపడం ముఖ్యం, ఎక్కువసేపు ఆపడం కాదు. దీనివల్ల పైన చెప్పిన మ్యాప్ సరిగ్గా కూర్చుంటుంది. ఆయాసం వస్తే వెంటనే మానేయండి, బలవంతం వద్దు. అసలు వెల్లకిలా పడుకోలేకపోతే అది ముందే చెప్పాల్సిన విషయం.

7. బల్లమీద

సాధారణంగా మెలకువలోనే ఉంటారు, గజ్జ దగ్గర లేదా మెడ దగ్గర మాత్రమే మత్తు. డై లేకుండా చేస్తున్నప్పుడు మీరు చెప్పే మాటకి విలువ ఎక్కువ. ఉన్నట్టుండి దగ్గు వచ్చినా, గొంతులో ఉప్పగా, వెచ్చగా అనిపించినా, ఊపిరి బరువెక్కినా ఆ క్షణమే చెప్పండి. తీగ గుచ్చుకుంటే మొదట తెలిసేది చాలాసార్లు దగ్గుతోనే. డాక్టర్లు బిజీగా ఉన్నారని మొహమాటపడి ఆపుకోవద్దు.

8. మొదటి రెండు రోజులు

అప్పటిదాకా రక్తం సరిగా అందని భాగానికి ఒక్కసారిగా రక్తం వెళ్ళడం వల్ల గానీ, నాళం కొంచెం చిరగడం వల్ల గానీ ఊపిరితిత్తిలో నీరు, రక్తం చేరొచ్చు. ఇది ఎక్కువగా మొదటి 48 గంటల్లోనే బయటపడుతుంది. ఆక్సిజన్ అంకె ముందు రోజు కంటే తగ్గుతోందా చూస్తూ ఉండండి. తెమడలో రక్తపు చారలు కనిపిస్తే కొద్దిగానే కదా అని ఊరుకోకుండా నర్సుకి చూపించండి. గజ్జలో వాపు గట్టిపడుతున్నా చెప్పండి.

డై కొంచెమైనా వాడి ఉంటే 48 నుంచి 72 గంటల మధ్య క్రియాటినిన్ మళ్ళీ చేయించండి. 48 గంటల్లో 0.3 పెరిగితే కిడ్నీ మీద దెబ్బ పడినట్టు లెక్క. మరుసటి రోజే చేసి బాగుందని ఇంటికి వచ్చేస్తే తప్పిపోవచ్చు, కాబట్టి డిశ్చార్జ్ అయినా ఆ పరీక్ష తేదీ రాయించుకోండి. వాడిన డై ఎన్ని మిల్లీలీటర్లో కూడా సమ్మరీలో రాయమని అడగండి. తర్వాతి విడతకి ఇది చాలా అవసరం.

9. పని చేసిందా లేదా

"ఎన్ని నాళాలు తెరిచారు" అన్నదానితో తృప్తిపడకండి. మొదటి విడతతో పెద్ద తేడా కనిపించకపోయినా నిరాశ అక్కర్లేదు, బెలూన్ చికిత్స సాధారణంగా నాలుగైదు విడతలో, ఇంకా ఎక్కువో పడుతుంది. అన్నీ అయ్యాక కొన్ని నెలలకి ఇవి పాత అంకెల పక్కన పెట్టి చూడండి:

- కుడి గుండె క్యాథటర్‌లో సగటు ఒత్తిడి, నాళాల నిరోధం. అసలు తీర్పు ఇదే. మళ్ళీ డై లేకుండానే అవుతుంది.
- 6 నిమిషాల నడక దూరం. ముందు ఎంత, ఇప్పుడు ఎంత. ఒకే రకం చెప్పులతో, ఆక్సిజన్ పెట్టుకుని నడిస్తే రెండుసార్లూ అలాగే నడవాలి.
- ఎన్‌టీ ప్రోబీఎన్‌పీ రక్తపరీక్ష (గుండె మీద ఎంత భారం పడుతోందో చెప్పేది). కిడ్నీ బలహీనంగా ఉన్నవాళ్ళలో ఇది ఎప్పుడూ కొంచెం ఎక్కువే ఉంటుంది, కాబట్టి మామూలు హద్దుతో కాకుండా మీ పాత అంకెతోనే పోల్చండి.
- ఎకోలో గుండె కుడివైపు సైజు, పనితీరు.

ఆయాసం తగ్గిందని చాలామంది రక్తం పలచబడే మందు ఆపేస్తారు. సీటెఫ్ ఉన్నవాళ్ళకి ఆ మందు జీవితాంతం ఉంటుంది, బెలూన్ పెట్టినా, ఆపరేషన్ అయినా సరే. వార్ఫరిన్ వాడేవాళ్ళు ఐఎన్‌ఆర్ (రక్తం ఎంత పలచబడిందో చెప్పే పరీక్ష అంకె) సాధారణంగా 2 నుంచి 3 మధ్య ఉండేలా చూసుకోవాలి. మందు అయిపోవడానికి వారం ముందే కొత్తది తెచ్చి పెట్టుకోండి.